పట్టుగూటినుండి ప్రయోగశాలకు: త్రిపరిమాణ కణసంవర్ధన చరిత్ర

ఉపోద్ఘాతము

నందికొండల చుట్టును వ్యాపించియున్న చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమ తెలుగు కన్నడములు రెండును ఇంటిమాటలుగా వర్ధిల్లుచున్న భూమి. తెలుగువారు పెన్నయని పిలుచు ఉత్తరపినాకిని ఈ కొండల వరుసలోనే పుట్టి నెల్లూరి సీమవఱకు ప్రవహించుచున్నది. రెండు భాషలలోను తత్త్వములు పాడిన కైవార నారాయణప్ప ఇచటివాడే. ఈ సీమ జీవనమునకు ఆధారమైన వృత్తులలో పట్టుపరిశ్రమ ముఖ్యమైనది. 2007లో కోలారునుండి విడివడి యేర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలోని శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత కర్ణాటకమందలి పెద్ద సంతలలో నొకటి. చింతామణిలో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పట్టుపరిశ్రమకై ప్రత్యేకముగా నొక కళాశాలను నెలకొల్పిరి.

ఈ సీమలో పురుగులను పెంచు ప్రతి రైతునకును ఒక విషయము తెలియును. పురుగు పండినతోడనే దానిని చంద్రికమీద వేయవలెను. వెదురుతో నల్లిన ఆ చంద్రికలో పురుగు తన చుట్టును దారము కట్టుకొనుటకు కావలసిన మూలలును, లోతును ఉండును. చదునైన పలకమీద విడిచినచో పురుగు గూడు కట్టజాలక పలుచని పొరగా పట్టును పఱచిపెట్టును. పురుగు అదియే, పట్టు అదియే. ఆధారము మాఱినందున ఆకృతి మాఱినది. రైతునకు అనుభవముచే తెలిసిన ఈ సత్యము, జంతుదేహమందలి కణములకును వర్తించునని ప్రయోగములచే రుజువగుటకు జీవశాస్త్రమునకు సుమారు ఒక శతాబ్దము పట్టినది. ఆ చరిత్రయు, అందు కొవ్వుకణమునకును రాచపుండునకును గల సంబంధము బయలుపడిన విధమును, తుదకు పట్టుదారమే ఆ పరిశోధనకు సాధనమైన తీరును ఈ వ్యాసమున నిరూపింపబడుచున్నవి.

గాజుపలకమీది కణములు

దేహమునుండి వేఱుచేసిన కణజాలమును బ్రదికించుటకు తొలియత్నములలో ముఖ్యమైనది జర్మనీ దేశస్థుడగు విల్హెల్మ్ రూ 1885లో చేసినది. ఆతడు కోడిపిండపు నాడీభాగమును వెచ్చని ఉప్పునీటిలో కొన్నిదినములు నిలిపెను. 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ గ్రాన్‌విల్ హారిసన్ కప్పపిండపు నాడీకణజాలమును, గడ్డకట్టిన కప్పరసపు బిందువులో నుంచి, నాడీతంతువు కణమునుండి మొలచుటను కన్నులార చూచెను. కణసంవర్ధనమను శాస్త్రమునకు ఇది పునాది. హారిసన్ అంతటితో విరమింపలేదు. పిండకణములు శూన్యమైన ద్రవములో ప్రాకజాలవనియు, వానికి పట్టుకొమ్మ కావలెననియు ఆతడు గ్రహించెను. 1914లో సాలెపురుగు గూటిదారములను చట్రముగా బిగించి, కణములు ఆ దారముల వెంట సాగుటను ప్రకటించెను. ఈ శాస్త్రపు బాల్యముననే పురుగు నేసిన దారము కణమునకు పందిరియైనదన్నమాట.

అయినను తరువాతి కాలమున సౌకర్యము సత్యమును మఱుగుపఱచినది. కారెల్, బరోస్ అనువారు 1910 ప్రాంతమున రక్తరసపు గడ్డలలో కణజాలములను పెంచిరి. పిదప కణములను ఎంజైములతో విడదీసి, గాజు లేక ప్లాస్టికు పాత్రల అడుగున ఒక్క పొరగా పెంచు పద్ధతి రూఢమైనది. 1951లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున హెన్రియెటా లాక్స్ అను స్త్రీ యొక్క గర్భాశయముఖపు రాచపుండునుండి, ఆమె యనుమతి లేకయే, తీసిన కణములు ఎడతెగక వృద్ధిపొందజొచ్చినవి. అవియే హీలా కణములు. 1955లో హ్యారీ ఈగిల్ కణములకు కావలసిన పోషకపదార్థముల పట్టికను నిర్ణయించెను. ఈ పద్ధతివలన లోకమునకు కలిగిన మేలు సామాన్యమైనది కాదు. పోలియో క్రిమిని కణసంవర్ధనములో పెంచగలుగుటచేతనే 1955లో ఆ వ్యాధికి టీకా సిద్ధమైనది. చదునైన పలకను నిందించువారు ఈ ఋణమును మఱువరాదు.

సుబ్బారావుగారి ఔషధము

రాచపుండుకు మందు వెదకుటలో కణసంవర్ధనము చేసిన సాయమును చెప్పునపుడు తెలుగుబిడ్డ యొకనిని స్మరింపవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకులై, ఫోలిక్ ఆమ్లమును, దానికి విరుద్ధముగా పనిచేయు ద్రవ్యములను తయారుచేయించిరి. ఆ ద్రవ్యములలో నొకటియైన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టనునందు రక్తక్యాన్సరు సోకిన శిశువులకిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి వెనుదిరుగుటను 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే, ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి.

ఆ వర్గమునకే చెందిన మెథోట్రెక్సేట్ అను ఔషధము రొమ్ము క్యాన్సరువంటి గడ్డలమీదను పనిచేయునని న్యూయార్కు వైద్యురాలు జేన్ రైట్ 1951లో చూపెను. ఆమె రోగుల గడ్డలనుండి తీసిన కణజాలమును సంవర్ధనము చేసి, ఏ మందునకు ఏ గడ్డ లొంగునో ముందుగా పరీక్షించు మార్గమును త్రొక్కెను. రోగి దేహముపై ప్రయోగించుటకు పూర్వము, ఆ రోగి కణజాలముపై మందును పరీక్షించుట అను భావము అప్పుడే వేళ్లూనినది. అయితే ఈ పరీక్షకు విలువ యెంత? పాత్రలోని కణము దేహములోని కణమువలె ప్రవర్తించునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకయే ముందుకు సాగుట సాధ్యము కాదు. పలకమీద అద్భుతముగా పనిచేసిన మందు రోగియందు విఫలమైనచో, నష్టపడునది ప్రయోగశాల కాదు, రోగియే.

లోతును వెదకినవారు

ఈ ప్రశ్నను మఱియొక దారిలో అడిగినవారు మొదటినుండియు కలరు. 1907లోనే హెచ్. వి. విల్సన్ సముద్రపు స్పంజిక జీవిని సన్నని జల్లెడగుడ్డగుండ పిండి, విడిపోయిన కణములు మరల కూడి జీవిగా నేర్పడుటను చూచెను. హోల్ట్‌ఫ్రెటర్ పిండకణములతోను, ఆరన్ మొస్కోనా కోడి, ఎలుక కణములతోను ఇట్టి కూడికను నిరూపించిరి. కణమునకు తన పొరుగును వెదకుకొను శక్తి కలదని వీరివలన స్పష్టమైనది. 1951లో జోసెఫ్ లైటన్ స్పంజివంటి చట్రమున కణజాలమును పెంచు పద్ధతిని ప్రకటించెను. హీలా కణములు పుట్టిన సంవత్సరమే ఇది. ఒకే యేట శాస్త్రము రెండు దారులుగా చీలినది. లోకము చదునుదారినే యెన్నుకొన్నది.

1955లో లండనునందు థామ్లిన్‌సన్, గ్రే అనువారు ఊపిరితిత్తుల క్యాన్సరు గడ్డల కోతలను పరీక్షించి ఒక ముఖ్యవిషయమును కనుగొనిరి. రక్తనాళమునుండి సుమారు మిల్లీమీటరులో అయిదవవంతు దూరము దాటినచో, ఆక్సిజను అందక కణములు చచ్చిపడియుండెను. గడ్డకు ఉపరితలము వేఱు, లోపలి గర్భము వేఱు. పొరగా పెంచిన కణములలో ఈ భేదమునకు తావే లేదు. 1971లో సదర్లాండు, ఆతని సహచరులు క్యాన్సరు కణములను చిన్నచిన్న గోళములుగా పెంచిరి. ఆ గోళమందు వెలుపలి కణములు వృద్ధిచెందుచుండగా, లోపలివి మందగించి, నడుమనున్నవి చనిపోవుచుండెను. ఔషధము లోనికి చొరకుండుట, ఆక్సిజను లేనిచోట కణము మొండికెత్తుట మొదలైన విషయములను ప్రయోగశాలలో పరీక్షించుటకు ఇది సాధనమైనది.

గోళములవలన గడ్డయొక్క లోతు తెలిసినది. గడ్డ నానుకొనియుండు పదార్థముయొక్క ప్రాముఖ్యమును తెలిపినది స్తనకణజాలము. దేహమందు కణములు ఒండొంటి నంటియుండుటయే కాక, కొల్లాజెను మొదలగు మాంసకృత్తులతో నల్లిన ఆధారపదార్థములో కూర్చుండియుండును. 1972లో ఎల్స్‌డేల్, బార్డ్ అనువారు కొల్లాజెను జెల్లులను సంవర్ధనమునకు వాడిరి. 1977లో ఎమెర్మన్, పిటెల్కా అను స్త్రీలిరువురు, చుంచెలుక స్తనకణములు ప్లాస్టికుపై తమ స్వభావమును కోల్పోవుచుండగా, తేలియాడు కొల్లాజెను పొరపై దానిని నిలుపుకొనుచున్నవని చూపిరి. 1982లో మీనా బిస్సెల్ తన సహచరులతో కలిసి, ఆధారపదార్థము కణమునకు ఆజ్ఞ నిచ్చుననియు, కణము ఆధారమును తిరిగి మార్చుననియు సిద్ధాంతీకరించెను. 1992లో ఆమె బృందము నిర్ధారించిన విషయము ఈ చరిత్రలో మైలురాయి. పలకమీద సామాన్య స్తనకణములకును క్యాన్సరు కణములకును భేదమును పోల్చుట కష్టము. ఆధారజెల్లులో పెంచినచో, సామాన్యకణములు నడుమ ఖాళీగల చక్కని గోళములుగా నమరి వృద్ధిని ఆపుకొనును. క్యాన్సరు కణములు క్రమము తప్పి పెరుగుచునే యుండును. 1997లో ఆ బృందమువారే, కణము ఆధారమును పట్టుకొను బీటా-1 ఇంటిగ్రిన్ అను మాంసకృత్తును ప్రతిరక్షకముతో అడ్డగించినపుడు, క్యాన్సరు కణములు సైతము క్రమమైన రూపమును దాల్చినవని ప్రకటించిరి. జన్యువులలోని దోషము అట్లే యున్నది. మాఱినది పరిసరముతోడి సంబంధము మాత్రమే.

కొవ్వుకణము యొక్క చిక్కు

రొమ్ముక్యాన్సరు పాలనాళములందును పాలగ్రంథులందును పుట్టును. కాని అది గోడను చీల్చుకొని వెలుపలికి వచ్చినపుడు మొదట తాకునది స్తనములో విస్తారముగా నుండు కొవ్వునే. అయినను బహుకాలము పరిశోధకులు కొవ్వును నోరులేని పొరుగుగా భావించిరి. అందుకు కారణము కొంతవఱకు కొవ్వుకణపు స్వభావమే. 1964లో మార్టిన్ రాడ్‌బెల్ ఎలుకకొవ్వును ఎంజైముతో కరగించి కొవ్వుకణములను విడదీసెను. విడదీసిన కణము చమురుతో నిండియుండుటచే పాత్ర అడుగున కూర్చుండదు, నీటిపై తేలును. అడుగున అంటుకొను కణములకై యేర్పడిన శాస్త్రము తేలు కణమును ఎట్లు పెంచగలదు?

దీనికి రెండు ఉపాయములు కల్పింపబడినవి. 1974లో హోవర్డ్ గ్రీన్, చుంచెలుక పిండకణములలో కొవ్వుకణములుగా మాఱగల యొక వంశమును వేఱుచేసెను. నేటికిని ప్రపంచమంతటను ఆ కణములను వాడుచున్నారు. కాని పలకమీద అవి పెక్కు చిన్నచిన్న చమురుబిందువులను మాత్రమే కూర్చుకొనును. దేహమందలి తెల్లకొవ్వు కణమువలె ఒక్క పెద్ద బిందువుతో నిండవు. జపానుదేశమున సుగిహారా 1986లో మఱియొక యుక్తిని పన్నెను. సీసాను అంచువఱకు ద్రవముతో నింపినచో, కణములు తేలి పైకప్పునకు అంటుకొనును. అయితే అట్లంటుకొన్న కణములును క్రమముగా చమురును విడిచి సన్నని కదురువంటి రూపము దాల్చును. ఆ పరిశోధకులే 1988లో కొల్లాజెను జెల్లులో పొదిగినపుడు ఏకబిందువుగల కొవ్వుకణములు తమ రూపమును నిలుపుకొనుటను చూచిరి. చంద్రిక పాఠమే ఇచటను మరల వినవచ్చుచున్నది. 2001లో ప్యాట్రీషియా జుక్, ఆమె సహచరులు, కొవ్వుతీత చికిత్సలో పాఱవేయు మానవకొవ్వునుండి మూలకణములను వేఱుచేయుటతో, మనుష్యుని కొవ్వును మనుష్యుని కణములతోనే నిర్మించు అవకాశము కలిగినది.

ఈలోపుగా కొవ్వును గుఱించిన అభిప్రాయమును మాఱినది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ జన్యువును కనుగొనుటతో కొవ్వు కేవలము గాదె కాదనియు, రక్తములోనికి సందేశములను పంపు అవయవమనియు తేలినది. ముట్లుడిగిన స్త్రీలయందు ఈస్ట్రోజెన్ ముఖ్యముగా కొవ్వులోనే తయారగును. రొమ్ముక్యాన్సరులు పెక్కింటికి అది బలమిచ్చును. 2011లో రెండు ముఖ్యపరిశోధనలు వెలువడినవి. చికాగో విశ్వవిద్యాలయమువారు, అండాశయపు క్యాన్సరు కణములు ఉదరమందు ప్రేవులను కప్పియుండు వప యను కొవ్వుపొరకు ఏల పరుగెత్తునో చూపిరి: ఆ కణములు కొవ్వుకణములనుండి కొవ్వు ఆమ్లములను గ్రహించి ఇంధనముగా వాడుకొనును. ఫ్రాన్సునందలి టూలూజ్ పరిశోధకులు, రొమ్ముక్యాన్సరు పొరుగున నున్న కొవ్వుకణములు చమురును కోల్పోయి, శోథమును రేపు ద్రవ్యములను విడిచి, క్యాన్సరు ప్రాకుటకు తోడ్పడునని నిరూపించిరి. 2016లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ, దేహమున అధికమైన కొవ్వు లేకుండుట 13 విధముల క్యాన్సరుల అపాయమును తగ్గించునని నిర్ణయించినది. ఇట్టి పొరుగుసంబంధమును పరీక్షింపవలెనన్న, రెండు కణములను దేహమందువలె ఇరుగుపొరుగుగా కూర్చుండబెట్టు చట్రము కావలసివచ్చినది.

పట్టు చట్రమైన విధము

ఇంతకు పూర్వము ఎక్కువగా వాడుచుండిన ఆధారజెల్లు చుంచెలుక గడ్డనుండి తీసినది. దాని కూర్పు తయారీ తయారీకి మాఱుచుండును, వెలయు హెచ్చు. కొల్లాజెను జెల్లు మెత్తనై, కాలక్రమమున కుంచించుకొనిపోవును. కొవ్వుకణము చమురుతో నిండి పక్వమగుటకు వారములు, నెలలు పట్టును. అన్నినాళ్లు నిలుచు చట్రముకొఱకు వెదకినవారి దృష్టి పట్టుపై పడినది. పట్టుదారముతో గాయములు కుట్టుట వైద్యులకు బహుకాలమునుండి అలవాటే.

పట్టుపోగులో రెండు మాంసకృత్తులు కలవు. లోపలి పోగు ఫైబ్రాయిన్. దానిని అంటించు జిగురు సెరిసిన్. తూకములో సుమారు మూడు పాళ్లు మొదటిది, ఒక పాలు రెండవది. శిడ్లఘట్టలో గూళ్లను వేడినీటిలో ఉడికించి కొసను పట్టి దారము తీయుట ఈ జిగురును వదులుచేయుటకే. ప్రయోగశాలలో చేయునదియు అట్టిదే. గూళ్లను చాకలిసోడా కలిపిన నీటిలో మఱిగించి సెరిసిన్‌ను పూర్తిగా తొలగింతురు. మిగిలిన ఫైబ్రాయిన్‌ను లిథియం బ్రోమైడు ద్రావణములో కరగించి, పలుచని పొరగుండ ఆ లవణమును నీటిలోనికి వెడలింతురు. మిగిలిన పట్టునీటిలో ఉప్పుకణికలను పోసి గట్టిపడనిచ్చి, ఉప్పును కడిగివేసినచో, ఆ కణికలు ఉన్నచోట్ల రంధ్రములేర్పడి స్పంజివంటి చట్రము సిద్ధమగును. ఉప్పుకణిక పరిమాణమును బట్టి రంధ్రము పరిమాణము. పట్టునీటి చిక్కదనమును బట్టి చట్రపు గట్టితనము.

అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున డేవిడ్ కప్లాన్ బృందము ఈ విద్యను వృద్ధిచేసినది. 2007లో వారు మానవ ఎముకమజ్జనుండియు కొవ్వునుండియు తీసిన మూలకణములను పట్టుచట్రములలో నాటి, కొవ్వువంటి కణజాలమును పెంచినట్లు ప్రకటించిరి. భారతదేశమున ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో సుభాస్ కుందు బృందము 2011లో దసలిపట్టు ఫైబ్రాయిన్ చట్రములలో క్యాన్సరు కణములను పెంచి గడ్డకు నమూనాలను నిర్మించినది. మద్దిచెట్ల ఆకుతిని బ్రదుకు ఈ దసలి పురుగును తెలంగాణమున మహదేవపురపు అడవిప్రాంతములవారు చక్కగా ఎఱుగుదురు. ఆ పట్టులో కణము పట్టుకొనుటకు అనువైన అమైనో ఆమ్లముల వరుస సహజముగానే కలదు.

నమూనాకు గల హద్దులు

నమూనా దేహము కాదను మాటను విస్మరింపరాదు. పట్టుచట్రమున రక్తప్రసారము లేదు. రక్షణకణములు, నాడులు సామాన్యముగా నుండవు. చట్రపు గట్టితనము సహజమైన కొవ్వుకంటె హెచ్చైనచో కణముల ప్రవర్తనయు మాఱును. ఒక ప్రయోగశాలలోని గోళము మఱియొకదానిలోని గోళముతో సరిపోలకుండుటయు కలదు. కావున పలకయు, గోళమును, చట్రమును, జంతువును ఒకదానికొకటి శత్రువులు కావు. ఏ ప్రశ్నకు ఏ సాధనము తగునో నిర్ణయించుకొనుటయే వివేకము.

అయినను రాజ్యములు ఈ మార్గమును గుర్తించినవి. అమెరికా 2022 డిసెంబరులో చేసిన చట్టముచే, కొత్తమందులకు జంతుపరీక్ష తప్పనిసరియను నిబంధన సడలినది. భారతదేశము 2023 మార్చిలో నూతన ఔషధముల నిబంధనలను సవరించి, మానవకణములతో చేసిన త్రిపరిమాణ నమూనాలను పరీక్షాసాధనములుగా పేర్కొన్నది. 1977లో నెలకొన్న హైదరాబాదు సి.సి.ఎం.బి.కి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రము ఇట్టి మానవ నమూనాలకై ప్రత్యేకశాఖను ఏర్పఱచినది. నంది సీమవారికి క్యాన్సరు చికిత్సకై సమీపమున నున్న కిద్వాయి స్మారకసంస్థ 1973నుండి బెంగుళూరునందు నడచుచున్నది. రోగి కణజాలము, పరిశోధకుని విద్య, రైతు పట్టు అను మూడును ఒక్క పగటి ప్రయాణములో కలిసికొనగల దేశభాగమిది.

ఉపసంహారము

ఈ చరిత్రవలన తేలు సారమొక్కటే. కణమును దాని పరిసరమునుండి విడదీసి చూచినంతకాలము రాచపుండు కణముయొక్క దోషముగానే కనబడినది. పరిసరముతో కలిపి చూచినపుడు అది ఇరుగుపొరుగుల వ్యవహారమని తెలిసినది. జేన్ రైట్ అడిగిన ప్రశ్న, అనగా ఈ రోగికి ఈ మందు పనిచేయునా యన్నది, నేటికిని పూర్తిగా తీరలేదు. కాని దానిని అడుగుటకు మెఱుగైన పాత్ర సిద్ధమగుచున్నది. సుబ్బారావుగారు మందునిచ్చిరి, ఆ మందును, దాని తరువాతి మందులను సరిగా పరీక్షించు చట్రమునకు పట్టుపురుగు దారమునిచ్చుచున్నది. చంద్రికను అల్లు వెదురుపనివాడును, గూడును సంతకు తెచ్చు రైతును, వేడినీటిలో కొసను వెదకు దారగత్తెయు ఈ పరిశోధనకు దూరపువారు కారు. పట్టు చీరకు మాత్రమే కాక చికిత్సకును పనికివచ్చునని ఎఱిగి, ఆ విద్యను నేర్చు యువకులు ఈ సీమనుండియే బయలుదేరినచో, శతాబ్దముల పట్టువృత్తికి అంతకు మించిన సార్థకత మఱియొకటి యుండబోదు.